స్విఫ్ట్ డిక్కీలో 12 అంగుళాల సబ్‌వూఫర్: క్లాస్ ఏబీనా, క్లాస్ డీనా?

బండి 2014 మోడల్ స్విఫ్ట్ డీజిల్. ఓనర్ గుడివాడ కుర్రాడు, పని మీద రోజూ విజయవాడ వచ్చి వెళ్తుంటాడు. కంప్లయింట్ ఏమిటంటే, సబ్‌వూఫర్ (బాస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్) ఊళ్లో బాగానే మోగుతుంది, రోడ్డెక్కిన కొంతసేపటికి ఆగిపోతుంది. దాన్ని నడిపే యాంప్ (యాంప్లిఫయర్) మీద ఎర్ర లైటు వెలుగుతుంది. బండి ఆపి టీ తాగి వచ్చేసరికి మళ్లీ మామూలే. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట అయితే ఉయ్యూరు దాటక ముందే కట్ అవుతోందట.

ఆటోనగర్‌లో మా షాపుకి వచ్చేసరికే అతను ఒక నిర్ణయంతో ఉన్నాడు. "అన్నా, యాంప్ మార్చేద్దాం, కానీ క్లాస్ డీ మాత్రం వద్దు. అందులో బాస్ పొడిపొడిగా ఉంటుందంట, ఏబీలో ఉన్న బరువు రాదంట." క్లాస్ ఏబీ, క్లాస్ డీ అంటే యాంప్ లోపలి సర్క్యూట్ రకాలు, అతని పాత యాంప్ ఏబీ. ఈ మాట చాలామంది కస్టమర్ల నోట వింటుంటాను. అందుకే ఈసారి పాత యాంప్‌నీ, సబ్ కోసం ఒకే చానెల్ ఉండే కొత్త క్లాస్ డీ మోనోబ్లాక్‌నీ పక్కపక్కన పెట్టి, అతని ముందే కొలిచి, అతనికే వినిపించాను. ఆ లెక్కలే ఇవి.

బండిలో ఏముంది

డిక్కీలో 12 అంగుళాల సబ్‌వూఫర్, సీల్డ్ బాక్స్. సబ్‌కి రెండు వాయిస్ కాయిల్స్ (కోన్‌ని కదిపే తీగచుట్టలు), ఒక్కొక్కటి 4 ఓమ్‌లు. సబ్ మొత్తానికి 300 వాట్ల ఆర్ఎంఎస్, అంటే నిలకడగా తట్టుకునే పవర్. యాంప్ నాలుగు చానెళ్ల క్లాస్ ఏబీ. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 1600 వాట్లు అని ఉంది. ముందు రెండు చానెళ్లు ముందు డోర్ స్పీకర్లకి, వెనక రెండూ బ్రిడ్జ్ చేసి, అంటే ఒకే చానెల్‌లా కలిపి, సబ్‌కి ఇచ్చారు.

ఆ 1600 గురించి ఒక మాట. యాంప్ ఫ్యూజ్ 40 ఆంపియర్లు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14.4 వోల్టులు వస్తాయనుకున్నా లోపలికి వెళ్లేది 576 వాట్లు. క్లాస్ ఏబీ ఫుల్ వాల్యూమ్‌లో సుమారు 60 శాతం స్పీకర్లకి ఇస్తుంది అనుకుంటే 345 వాట్లు. బయటికి వచ్చేది ఎక్కడైనా లోపలికి వెళ్లినదానికంటే ఎక్కువ ఉంటుందా? మాన్యువల్ తీసి చూస్తే లోపలి పేజీలో అసలు సంగతి ఉంది: 4 ఓమ్‌ల దగ్గర చానెల్‌కి 60 వాట్లు, బ్రిడ్జ్ చేస్తే 4 ఓమ్‌ల దగ్గర 180 వాట్లు. కొనేటప్పుడు డబ్బా మీద సీటీఏ-2006 అనే ముద్ర ఉందేమో చూడండి. 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల లోడ్ మీద, 1 శాతానికి మించని డిస్టార్షన్‌తో (సిగ్నల్ రూపు చెడటం) కొలిచిన వాట్లే రాయాలని ఆ ప్రమాణం చెబుతుంది. ముద్ర లేకపోతే ఫ్యూజ్ చూసి ఇలా లెక్క వేసుకోవడమే.

డాష్‌బోర్డులోని సెట్టు మీద రాసే "50 వాట్లు × 4" కూడా ఇదే బాపతు. లోపల వోల్టేజ్ పెంచే సర్క్యూట్ లేని సెట్టు 14.4 వోల్టులతో 4 ఓమ్‌ల స్పీకర్‌కి ఇవ్వగలిగేది, ఏ నష్టమూ లేదనుకున్నా, 26 వాట్లే. ఆచరణలో 20 లోపే. విడిగా యాంప్ పెట్టేది ఇందుకే. దానిలో 12 వోల్టులని ముప్పై, నలభై వోల్టులకి పెంచే కన్వర్టర్ ఉంటుంది.

ఇక కట్ అవడానికి కారణం కోసం పెద్దగా వెతకక్కర్లేకపోయింది. సబ్ బాక్స్ విప్పితే రెండు కాయిల్స్ ప్యారలల్‌లో కలిపి ఉన్నాయి. అంటే 2 ఓమ్‌లు. యాంప్‌ని బ్రిడ్జ్ చేసినప్పుడు ఒక్కో చానెల్‌కి లోడ్‌లో సగమే కనిపిస్తుంది, ఇక్కడ 1 ఓమ్. ఆ చానెళ్లు తట్టుకునేది 2 ఓమ్‌ల దాకా. ఇంతకుముందు ఫిట్ చేసిన షాపువాళ్లు సౌండ్ ఎక్కువ రావాలని ఇలా కలిపి ఉంటారు. వచ్చింది కూడా, వేడెక్కేదాకా.

ఏబీని ఉంచుకుంటే ఉన్న దారులు

కొత్తది కొనమని చెప్పే ముందు పాతదానితో ఏం చేయగలమో చూడటం నా పద్ధతి. 4 ఓమ్‌ల డబుల్ కాయిల్ సబ్‌ని ప్యారలల్ చేస్తే 2, సిరీస్ చేస్తే 8. ఈ యాంప్ బ్రిడ్జ్‌లో కోరుకునే 4 మాత్రం రాదు. గొడవంతా ఇక్కడే ఉంది. అదే 2 ఓమ్‌ల డబుల్ కాయిల్ సబ్ కొని ఉంటే సిరీస్‌లో సరిగ్గా 4 వచ్చేది, ఇతను మా షాపుకి వచ్చే అవసరమే ఉండేది కాదు.

సిరీస్‌లో 8 ఓమ్‌లు చేస్తే యాంప్ చల్లగా ఉంటుంది, కానీ సుమారు 90 వాట్లే ఇస్తుంది. 300 వాట్ల సబ్‌కి అది చాలక కాదు గానీ, ఇతను ఒప్పుకోడని తెలుసు. రెండో దారి చాలామంది వాడనిది: బ్రిడ్జ్ మానేసి, ఒక్కో కాయిల్‌ని ఒక్కో వెనక చానెల్‌కి ఇవ్వడం. ప్రతి చానెల్‌కీ 4 ఓమ్‌లే, రెండూ కలిపి 120 వాట్లు. రెండు చానెళ్లకీ ఒకే మోనో సిగ్నల్, ఒకే గెయిన్ (సిగ్నల్‌ని యాంప్ ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) ఉండాలి, ప్లస్ మైనస్‌లు తారుమారు కాకూడదు. లేకపోతే రెండు కాయిల్స్ ఒకదానితో ఒకటి కొట్లాడి బాస్ మాయమవుతుంది. ఒకటే కాయిల్ కలిపి రెండోది వదిలేయమని సలహా ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. వద్దు. సబ్ తట్టుకునే పవర్ సగానికి పడిపోతుంది, బాక్స్ లెక్క కూడా మారిపోతుంది.

మూడో దారి క్లాస్ డీ మోనోబ్లాక్. నేను తీసుకున్నది 4 ఓమ్‌ల దగ్గర 180, 2 ఓమ్‌ల దగ్గర 300, 1 ఓమ్ దగ్గర 500 వాట్లు ఇచ్చేది, 50 ఆంపియర్ల ఫ్యూజ్. 4 ఓమ్‌ల దగ్గర రెండు యాంపులూ 180 వాట్లే కాబట్టి పోలికకి బాగా కుదిరింది.

బెంచ్ మీద ఆంపియర్లు

సబ్ పెట్టి కరెంట్ కొలిస్తే లెక్క తప్పుతుంది. కాయిల్ మీద 4 ఓమ్‌లని రాసి ఉన్నా ఫ్రీక్వెన్సీని బట్టి అది మారుతుంది. బాక్స్ రెజొనెన్స్ దగ్గర, అంటే బాక్స్‌లో కోన్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ దగ్గర, పది ఇరవై ఓమ్‌లకి కూడా పోతుంది. సీల్డ్ బాక్స్‌లో ఆ రెజొనెన్స్ తరచుగా మనం టెస్ట్ టోన్‌గా వాడే 50 హెర్ట్జ్ చుట్టుపక్కలే ఉంటుంది. అందుకని సబ్ బదులు 4 ఓమ్‌ల డమ్మీ లోడ్ రెసిస్టర్లు ఫ్యాన్ ముందు పెట్టి, 13.8 వోల్టుల సప్లయ్ ఇచ్చి, పవర్ వైరు మీద డీసీ క్లాంప్ మీటర్ వేశాను.

అవుట్‌పుట్ 50 వాట్ల దగ్గర ఏబీ యాంప్ 11.5 ఆంపియర్లు లాగింది, డీ 5.5. అవుట్‌పుట్ 100 వాట్లకి పెంచితే ఏబీ 16, డీ 9.8. ఫుల్ 180 వాట్ల దగ్గర ఏబీ 21, డీ 16.5.

చాలామంది చివరి అంకె చూసి "పెద్ద తేడా ఏముంది?" అంటారు. ఫుల్ వాల్యూమ్‌లో నిజంగానే పెద్ద తేడా లేదు. కథంతా మొదటి రెండు అంకెల్లో ఉంది. లోపలికి వెళ్లిన వాట్లలోంచి బయటికి వచ్చిన వాట్లు తీసేస్తే మిగిలేది వేడి. ఏబీలో ఆ వేడి 50 వాట్ల దగ్గర సుమారు 109 వాట్లు, 100 దగ్గర 121, 180 దగ్గర 110. అంటే వాల్యూమ్ తగ్గించినా యాంప్ చల్లబడటం లేదు! కస్టమర్ కూడా ఇదే అన్నాడు, "సౌండ్ తగ్గించి పెట్టినా కట్ అవుతుంది అన్నా" అని. నేను కొలవక ముందే అతను ఫలితం చెప్పేశాడు.

కారణం సర్క్యూట్‌లోనే ఉంది. క్లాస్ ఏబీలో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కుళాయి సగం తిప్పినట్టు పనిచేస్తాయి. సప్లయ్ వోల్టేజ్‌కీ స్పీకర్‌కి కావలసిన వోల్టేజ్‌కీ మధ్య మిగిలిన తేడా మొత్తం ట్రాన్సిస్టర్ మీదే పడి వేడిగా మారుతుంది. ఫుల్ వాల్యూమ్‌లో ఆ తేడా తక్కువ, మధ్యస్థంగా పెట్టినప్పుడు ఎక్కువ. పుస్తకాల లెక్క ప్రకారం, బయాస్ కరెంట్ (సిగ్నల్ లేకపోయినా పారేది) పక్కన పెడితే, సైన్ వేవ్‌కి గరిష్ఠ సామర్థ్యం 78.5 శాతం. ట్రాన్సిస్టర్లు అత్యధికంగా వేడెక్కేది ఫుల్ పవర్‌లో సుమారు 40 శాతం దగ్గర. మనం పాటలు వినేది ఎక్కువగా ఆ చుట్టుపక్కలా, దానికి దిగువనా. మామూలు వాల్యూమ్‌లోనే కాలిపోతోందంటే యాంప్ చెడిపోయిందని కాదు, దాని స్వభావం అది. పైగా ఈ బండిలో అది కోరుకునే ఓమ్‌లలో సగం మీదే నడుస్తోంది.

క్లాస్ డీలో మోస్‌ఫెట్‌లు (స్విచ్‌లా వాడే ట్రాన్సిస్టర్లు) పూర్తిగా ఆన్, లేదంటే పూర్తిగా ఆఫ్. సెకనుకి లక్షల సార్లు మారుతూ, ఎంతసేపు ఆన్‌లో ఉందన్నదాన్ని బట్టి సిగ్నల్ తయారవుతుంది. చివర్లో ఒక కాయిల్, కెపాసిటర్ కలిసి ఆ స్విచింగ్‌ని వడగట్టేస్తాయి. మధ్యలో వేలాడే స్థితి దాదాపు లేదు కాబట్టి వేడి తక్కువ: ఇదే బెంచ్ మీద 26, 35, 48 వాట్లు. 2 ఓమ్‌ల దగ్గర 300 వాట్లు తీస్తే 28.4 ఆంపియర్లు లాగి 92 వాట్ల వేడి వచ్చింది. అంటే 300 వాట్లు ఇస్తూ కూడా, 50 వాట్లు ఇస్తున్న ఏబీ కంటే చల్లగానే ఉంది. అయితే ఓమ్‌లు తగ్గేకొద్దీ క్లాస్ డీ కూడా వేడెక్కుతుందని ఇక్కడే గమనించాలి. "1 ఓమ్ స్టేబుల్" అని రాసి ఉంది కదా అని అవసరం లేకుండా 1 ఓమ్‌కి దించడం నాకు నచ్చదు.

ఇవి ఈ రెండు యాంపుల అంకెలు. మీ యాంప్‌లో కాస్త అటూఇటూ ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే. పార్సిల్ ట్రే మూసేసిన స్విఫ్ట్ డిక్కీలో, విజయవాడ మే ఎండలో, వంద వాట్ల హీటర్ నిరంతరం వెలుగుతుంటే ఏమవుతుందో ఇంకా వివరించనక్కర్లేదు.

"బరువు" ఎక్కడి నుంచి వచ్చింది

కరెంట్ సంగతి అతను ఒప్పుకున్నాడు. సౌండ్ సంగతి ఒప్పుకోలేదు. సరే, విందాం.

రెండూ నడపగలిగేలా సబ్‌ని సిరీస్‌లో 8 ఓమ్‌లకి మార్చి, ఒకే సెట్టు నుంచి రెండు యాంపులకీ సిగ్నల్ ఇచ్చి, సబ్ వైరు మాత్రం మార్చి మార్చి పెట్టాను. ముందు ఉన్నది ఉన్నట్టు వినిపిస్తే కుర్రాడు వెంటనే ఏబీ వైపు చెయ్యి చూపించాడు. నిజమే, ఏబీలో బాస్ నిండుగా ఉంది. అప్పుడు రెండింటి టెర్మినల్స్ దగ్గరా మీటర్ పెట్టి 30, 45, 60, 80 హెర్ట్జ్ టోన్‌లు వేసి చూశాను. మిగతా చోట్ల దగ్గరదగ్గరగా ఉన్నాయి, 45 దగ్గర ఏబీ వోల్టేజ్ దాదాపు 2.8 రెట్లు ఉంది. పాత యాంప్ మీద ఆ 45 దగ్గర బాస్‌ని పెంచే బాస్ బూస్ట్ నాబ్‌ని ఎవరో బాగా తిప్పి ఉంచారు.

2.8 రెట్ల వోల్టేజ్ అంటే 9 డెసిబెల్స్, పవర్‌లో ఎనిమిది రెట్లు. కొన్ని యాంపుల్లో ఈ నాబ్ 12 డెసిబెల్స్ దాకా వెళ్తుంది, అది పదహారు రెట్లు. మామూలుగా 20 వాట్లు అడిగే దెబ్బకి ఇప్పుడు 160 అడుగుతోందన్నమాట. అతను ప్రేమించిన బరువు క్లాస్ ఏబీది కాదు, ఆ నాబ్‌ది. యాంప్ వేడెక్కడంలోనూ దాని వాటా ఉంది.

బూస్ట్ జీరో చేసి, లో పాస్ ఫిల్టర్లని (కింది ఫ్రీక్వెన్సీలని మాత్రమే సబ్‌కి పంపేవి) నాబ్ మీది గీతల్ని నమ్మకుండా మీటర్‌తో ఒకేలా సెట్ చేసి, 50 హెర్ట్జ్ దగ్గర రెండింటికీ టెర్మినల్స్ దగ్గర సరిగ్గా 20 వోల్టులు పెట్టాను. ఈసారి ఏది మోగుతోందో చెప్పకుండా మార్చాను. అతను చెప్పలేకపోయాడు, షాపులో ఉన్న మా కుర్రాళ్లూ చెప్పలేకపోయారు, నేనూ అంతే.

ఇందులో వింతేమీ లేదు. క్లాస్ డీలో డిస్టార్షన్ కాగితం మీద కాస్త ఎక్కువ కనిపించవచ్చు, కానీ 80 హెర్ట్జ్ కింద మన చెవి అంత సూక్ష్మంగా పట్టుకోదు. కోన్ గట్టిగా కదిలినప్పుడు సబ్ తనంతట తాను చేసే డిస్టార్షన్ యాంప్ చేసేదానికి ఎన్నో రెట్లు. డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (స్పీకర్ ఓమ్‌లు యాంప్ లోపలి నిరోధానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 500, 1000 అంటూ అమ్మేవాళ్ల మాట కూడా ఇంతే. 4 ఓమ్‌ల దగ్గర డ్యాంపింగ్ ఫ్యాక్టర్ 100 ఉన్న యాంప్ లోపలి నిరోధం 0.04 ఓమ్, 500 ఉన్నదానిది 0.008. సబ్ కాయిల్ రాగి తీగ నిరోధమే మూడున్నర ఓమ్‌ల దాకా ఉంటుంది. దాని పక్కన ఈ రెండింటి తేడా లెక్కలోకి రాదు.

డోర్ స్పీకర్ల విషయం వేరు. గొంతు, వయొలిన్, తాళాలు ఉండే చోట మంచి ఏబీ యాంప్ మీద నాకు ఇప్పటికీ మోజు ఉంది. మంచి ఫుల్ రేంజ్ క్లాస్ డీ యాంపులూ వచ్చాయి, కానీ చవక రకాల్లో పై ఫ్రీక్వెన్సీలు గరుకుగా వినిపిస్తాయి, కొన్నింటితో మీడియం వేవ్ రేడియోలో గీపెట్టుడు వస్తుంది. ఎవరైనా ఇంకా బండిలో ఆకాశవాణి వింటుంటే ఫిట్టింగ్ అయ్యాక ఇంజిన్ ఆన్ చేసి ఆ స్టేషన్ పెట్టి చూడమంటాను.

ఇంకో మాట. ఇతనికి కావలసింది డప్పు దెబ్బ. డప్పు మీద కర్ర పడిన చురుకు సబ్‌వూఫర్ పని కాదు, అది 100 హెర్ట్జ్ పైన, డోర్ స్పీకర్లలో ఉంటుంది. డోర్లలో డ్యాంపింగ్ షీట్ లేక, స్పీకర్ రింగ్ వదులుగా ఉండి అది రాకపోతే, డిక్కీలో ఏ క్లాస్ యాంప్ పెట్టినా రాదు. అతని ముందు డోర్ల స్క్రూలు బిగించేసరికే సగం తేడా తెలిసింది.

మిగతా రకాలని ఈ బండికి త్వరగానే పక్కన పెట్టాను. పెద్ద రెండు చానెళ్ల ఏబీ కొని బ్రిడ్జ్ చేస్తే మళ్లీ అదే 4 ఓమ్‌ల చిక్కు, అదే వేడి, దానికి తోడు రెట్టింపు సైజు. సప్లయ్ వోల్టేజ్‌ని సిగ్నల్‌ని బట్టి మార్చే క్లాస్ జీ, హెచ్ రకాలు ఏబీ వేడిని కొంత తగ్గిస్తాయి, కానీ సబ్‌కి అవసరమైన ధరల్లో మన మార్కెట్లో వెతుక్కోవాలి. సీటు కింద పెట్టే యాక్టివ్ సబ్ వేరే మనుషుల కోసం. డిక్కీలో సామాను పెట్టుకునేవాళ్లకి, ఇంట్లో పెద్దవాళ్లు కూర్చునే బండికి నేను ముందు అదే చూపిస్తాను. ఇతను దాని వైపు చూడను కూడా లేదు.

వైరు, ఎర్త్, కెపాసిటర్

పాత 8 గేజ్ వైరు (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు) కోసి, తీగని బ్లేడుతో గీరితే లోపల తెల్లగా ఉంది. రాగి పూత వేసిన అల్యూమినియం. అదే మందం రాగి వైరు కంటే నిరోధం ఒకటిన్నర రెట్లు. బ్యానెట్ నుంచి డిక్కీ దాకా 5 మీటర్లు అనుకుంటే, రెండు యాంపులూ కలిసి 45 ఆంపియర్లు లాగిన క్షణంలో ఈ వైరులోనే 0.7 వోల్ట్ పోతుంది. 4 గేజ్ అసలు రాగి వైరులో అది 0.2 కూడా దాటదు. లోపలి సప్లయ్ వోల్టేజ్‌ని నిలకడగా ఉంచని (రెగ్యులేట్ కాని) యాంపుల్లో ఈ వోల్టేజ్ నేరుగా వాట్లని కోస్తుంది. 14.4 నుంచి 12.6కి పడితే గరిష్ఠ పవర్ దాదాపు పావు వంతు పోతుంది. కాబట్టి యాంప్ మీద పెట్టే డబ్బులో కొంత వైరు మీద పెట్టమని మొహమాటం లేకుండా చెప్తాను. ఎర్త్ పాయింట్ దగ్గర పెయింట్ గీరి, మెరిసే ఇనుము మీద బిగించాలి. సీటు బెల్ట్ బోల్ట్‌కి మాత్రం కలపొద్దు.

రాత్రి ఏసీ వేసి, హెడ్‌లైట్లతో సిగ్నల్ దగ్గర ఆగితే లైట్లు బీట్‌కి మినుకుమంటున్నాయని, ఒక ఫారడ్ కెపాసిటర్ పెట్టమని అడిగాడు. 14 వోల్టుల నుంచి 13కి పడేలోగా అది ఇవ్వగలిగేది 13.5 జౌల్స్. మోనోబ్లాక్ 28 ఆంపియర్లు లాగుతుంటే సెకనులో ఇరవై ఎనిమిదో వంతు కూడా నిలవదు. ఆ డబ్బు 4 గేజ్ కిట్‌లోకి మళ్లించాం. వైరు మారాక మినుకు చాలా తగ్గింది. ఐడిల్‌లో కొంచెం మిగిలే ఉంది, చిన్న బండి ఆల్టర్నేటర్‌తో అది ఉంటుంది.

చివరికి పెట్టింది ఇది. సబ్‌కి క్లాస్ డీ మోనోబ్లాక్, కాయిల్స్ ప్యారలల్‌లో 2 ఓమ్‌లు. పాత ఏబీ యాంప్‌ని తీసేయలేదు, నాలుగు చానెళ్లూ నాలుగు డోర్లకి ఇచ్చి, హై పాస్ (కింది ఫ్రీక్వెన్సీలని ఆపే ఫిల్టర్) 80 హెర్ట్జ్ పెట్టి, పక్క సీటు కిందకి మార్చాను. బాస్ భారం దిగిపోయాక అది చెయ్యి పెట్టగలిగేంత వెచ్చగానే ఉంటోంది. మోనోబ్లాక్‌ని వెనక సీటు వీపుకి, గాలి ఆడేలా ఎడం ఇచ్చి బిగించాను. సబ్ బాక్స్ మీదే యాంప్ స్క్రూ చేయడం ఫొటోలో బాగుంటుంది గానీ, ఆ అదురుకి లోపలి సోల్డర్ జాయింట్లు వదిలిపోతాయి. బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపు 80 ఆంపియర్ల ఫ్యూజ్, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) దాటే చోట రబ్బరు గ్రోమెట్.

లో పాస్ 80 హెర్ట్జ్, సబ్‌సోనిక్ (మరీ కింది ఫ్రీక్వెన్సీలని ఆపే ఫిల్టర్) 25, బాస్ బూస్ట్ జీరో. 300 వాట్లు 2 ఓమ్‌ల దగ్గర అంటే 24.5 వోల్టులు. సబ్ విప్పేసి, 50 హెర్ట్జ్ టోన్‌తో, స్కోప్‌లో వేవ్ తల తెగకుండా చూసుకుంటూ గెయిన్ 22 దగ్గర ఆపాను. డాష్‌బోర్డ్ కింద పెట్టిన రిమోట్ నాబ్ పూర్తిగా తిప్పి ఉంచే ఈ సెట్టింగ్ చేశాను, అతను దాన్ని ఎంత తిప్పినా ఆ టోన్‌కి 22 దాటదు. ఆ తర్వాత మధ్యాహ్నం పూట కూడా గుడివాడ దాకా కట్ కాకుండా వెళ్తోందని ఫోన్ చేశాడు. అదే ఫోన్లో, "అన్నా, ఆ బూస్ట్ నాబ్ ఒక్క రవ్వ తిప్పనా?" అని కూడా అడిగాడు. రిమోట్ నాబ్ తిప్పుకో తమ్ముడూ, బూస్ట్ జోలికి వెళ్లకు అని చెప్పి, తర్వాత బండి సర్వీసుకి వచ్చినప్పుడు ఆ బూస్ట్ నాబ్ మీద టేప్ అంటించాను.